ఒక్క వికెట్టూ పడని రోజు

2001 మార్చిలో కోల్‌కతా టెస్టు మూడో రోజు నేను టీవీ కట్టేసి వేరే పనిలో పడ్డాను. ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనవాళ్లు 171కే ఆలౌటై, 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ (వెంటనే మళ్లీ రెండో ఇన్నింగ్స్) ఆడుతున్నారు. అంతకు ముందు ముంబై టెస్టు మూడు రోజుల్లోనే ముగిసిపోయింది. ఆస్ట్రేలియాకు అది వరసగా 16వ గెలుపు. ఇంకా చూడటానికి ఏముందిలే అనుకున్నాను. ఆ రోజు అలా అనుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు.

తర్వాత జరిగింది మీ అందరికీ తెలుసు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరూ కలిసి ఐదో వికెట్‌కు 376. చివరి రోజు టీ సమయానికి మూడే వికెట్లు పోగొట్టుకుని కుదురుగా ఉన్న ఆస్ట్రేలియా 212కి కూలిపోయింది. మనం 171 పరుగుల తేడాతో గెలిచాం. హర్భజన్ ఆ మ్యాచ్‌లో 13 వికెట్లు తీశాడు. ఎవరింట్లో ఈ మాట ఎత్తినా అందరం ఆ ఆఖరి సెషన్ దగ్గరికే పరుగెడతాం.

ఏళ్లు గడిచేకొద్దీ నాకు మాత్రం నాలుగో రోజే ఎక్కువ గుర్తొస్తోంది. ఆ ఉదయం స్కోరు 4 వికెట్లకు 254. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్ స్కోరును అందుకోవడానికే ఇంకా 20 పరుగులు కావాలి. ఒక పక్క వెన్నునొప్పితో ఆడుతున్న లక్ష్మణ్. ఇంకో పక్క ఫామ్‌లో లేక, తన మూడో స్థానం వదులుకుని ఆరో స్థానంలో దిగిన ద్రావిడ్. ఎదురుగా మెక్‌గ్రాత్, గిలెస్పీ, వార్న్. సాయంత్రం ఆట ముగిసేసరికి స్కోరు 589, వికెట్లు అవే నాలుగు. రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. ఆ ఉదయం వాళ్లు క్రీజులోకి నడిచేటప్పుడు గెలుపు కనుచూపు మేరలో లేదు. ఉన్నదల్లా ఎదురుగా వస్తున్న ఓవరు. అది అయ్యాక ఇంకోటి.

ఓటమి అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చిన ఆటల గురించి మన పిల్లలకు చెప్పేటప్పుడు ఈ నాలుగో రోజును మనం దాటేస్తున్నాం. చివరి నిమిషం వీడియో చూపించి, ‘చూశావా, నమ్మకం ఉంటే ఎలా గెలిచారో’ అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట విన్న పిల్ల రేపు తన ఆటలో మనసారా నమ్మి, ఒళ్లు హూనం చేసుకుని ఆడి, అయినా ఓడిపోతే ఏమనుకుంటుంది? నా నమ్మకమే చాల్లేదు కాబోలు అనుకుంటుంది. ఓటమి బాధకు తోడు ఈ భారం కూడా ఆ చిన్న భుజాల మీద మనమే పెట్టినట్టవుతుంది. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

ఎందుకంటే అలాంటి ప్రతి మ్యాచ్‌లోనూ అవతల ఇంకో జట్టు ఉంటుంది. 1999 మే 26న బార్సిలోనాలో జరిగిన యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూడండి. జర్మనీ జట్టు బేయర్న్ మ్యూనిక్, ఇంగ్లండ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆరో నిమిషంలోనే గోల్ కొట్టి 90 నిమిషాలూ ఆధిక్యం నిలుపుకుంది. చివర కలిపిన ఇంజ్యురీ టైమ్‌లో మాంచెస్టర్ ఆటగాడు బెక్‌హామ్ కొట్టిన రెండు కార్నర్ కిక్‌లు, సబ్‌స్టిట్యూట్‌లుగా వచ్చిన షెరింగ్‌హామ్, సోల్‌షార్‌ల రెండు గోల్స్. కప్పు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయింది. బేయర్న్ ఆటగాళ్లు మైదానంలోనే కుప్పకూలిపోయారు. వాళ్లకు నమ్మకం తక్కువైందని ఎవరనగలరు? ఆ దెబ్బ తిన్న జట్టే రెండేళ్ల తర్వాత, 2001లో, వాలెన్సియాతో పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లిన ఫైనల్ గెలిచి అదే కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ ఆలివర్ కాన్ మూడు పెనాల్టీలు ఆపాడు. 1999లో ఆ రెండు గోల్స్ తిన్నదీ ఇతనే. నాకు మాంచెస్టర్ కథ కంటే ఈ కథే పెద్దది.

అందరికీ అలా కలిసిరాదు, అది కూడా పిల్లలకు చెప్పాలి. 2017లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు 28-3 ఆధిక్యంలో ఉండి, ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓడిపోయింది. సూపర్ బౌల్ వాళ్లకు ఇంకా అందలేదు.

మన సింధు సంగతే తీసుకోండి. 2017 ఆగస్టులో గ్లాస్గోలో బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగా జపాన్ అమ్మాయి ఒకుహారా. 110 నిమిషాలు ఆడారు. రెండో గేమ్ ఆఖరి పాయింట్ 73 షాట్ల ర్యాలీ. అది గెలిచి సింధు మ్యాచ్‌ను మూడో గేమ్‌కు లాక్కెళ్లింది. మూడో గేమ్ 20-22. అంత చేసీ వెండి పతకమే. మరుసటి ఏడు మళ్లీ ఫైనల్, మళ్లీ ఓటమి. ‘ఫైనల్స్‌లో టెన్షన్ పడుతుంది’ అని ఎంతమంది తేలిగ్గా అనేశారో నాకు గుర్తుంది. 2019లో బాసెల్‌లో మళ్లీ అదే ఒకుహారాతో ఫైనల్. 21-7, 21-7. 38 నిమిషాల్లో అయిపోయింది. ఆ 38 నిమిషాలను వెనకటి 110 నిమిషాల నుంచి విడదీసి చూడటం నా వల్ల కాదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పట్టుదల కథలో గెలుపే లేదు. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. దానికి మూడు వారాల ముందే అడిలైడ్‌లో మనవాళ్లు 36కి ఆలౌటయ్యారు. సిడ్నీలో లక్ష్యం 407. పంత్ 97 కొట్టి అవుటయ్యాడు, తర్వాత పుజారా కూడా వెళ్లిపోయాడు. స్కోరు 5 వికెట్లకు 272. బొటనవేలు విరిగిన జడేజా అవసరమైతే దిగడానికి ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. క్రీజులో నడుం పట్టేసిన అశ్విన్, తొడ కండరం పట్టేసి సరిగా పరుగెత్తలేకపోతున్న మన తెలుగువాడు హనుమ విహారి. సింగిల్స్ తీయలేరు, గెలవడం ఇక కుదరదు. కాబట్టి నిలబడ్డారు. నలభైకి పైగా ఓవర్లు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్. మామూలుగా దాన్ని మనం జిడ్డు ఆట అంటాం. ఆ రోజు ఆ జిడ్డే మనల్ని కాపాడింది. మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ 1-1తో నిలిచింది.

వారం తర్వాత బ్రిస్బేన్‌లో పంత్ 89 నాటౌట్‌తో అక్కడి గబ్బా మైదానం అనే ఆస్ట్రేలియా కోట కూలింది, సిరీస్ 2-1తో మనదైంది. సిడ్నీలో ఓడి ఉంటే గబ్బాలో గెలిచినా 2-2 దగ్గరే ఆగేది. గాయం వల్ల విహారి బ్రిస్బేన్‌లో ఆడనే లేదు. ఆ విజయం ఫొటోలు చూసి అతని 23 పరుగులను తలుచుకునేవాళ్లు ఎందరు? ఆశ అంటే ఏమిటని పిల్లలు నన్నడిగితే నేను ఆ 161 బంతులనే చూపిస్తాను. గెలుస్తానని తెలిసి ఆడినవి కావవి. ఇంకొకరికి రేపు గెలిచే అవకాశం మిగలాలని ఆడినవి.

మన అసోసియేషన్ పెద్దలకు ఒక మనవి. పిల్లల ఆటల పోటీలు ప్రతి ఏడూ శ్రద్ధగా జరుపుతున్నారు, సంతోషం. బహుమతుల పేర్లు చదివేటప్పుడు మొదటి మూడు స్థానాల దగ్గర ఆపకండి. 4-20తో వెనకబడి కూడా ప్రతి షటిల్ వెనకాలా పరుగెత్తిన పిల్లను, రేసులో పడి లేచి ఆఖరివాడిగా గీత దాటిన పిల్లవాణ్ని వేదిక మీదికి పిలవండి. వాళ్లు ఎక్కడిదాకా నిలబడ్డారో ఒక్క వాక్యంలో అందరికీ చెప్పండి. ఆ వాక్యం రాసిపెట్టడానికి ఒక మనిషి ప్రతి కోర్టు దగ్గరా చివరిదాకా కూర్చోవాలి. ఈసారి ఒక కోర్టు దగ్గర నేను కూర్చుంటాను.