ఫోన్ బాగానే ఉంది, అప్‌డేట్లే ఆగిపోయాయి

తెర పగల్లేదు. బ్యాటరీ రోజంతా వస్తోంది. కాల్స్, ఫొటోలు, బ్యాంకు యాప్ అన్నీ నడుస్తున్నాయి. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే చివరి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి రెండేళ్లు దాటి ఉంటుంది. మళ్లీ చెక్ చేస్తే ఫోన్ అప్ టు డేట్‌గానే ఉందని చూపిస్తుంది. కంపెనీ ఈ మోడల్‌ను వదిలేసిందన్న సంగతి మాత్రం అక్కడ కనబడదు.

వస్తువు ఆయుష్షు తగ్గించి మళ్లీ కొనిపించడం పాత విద్యే. 1924లో పెద్ద బల్బుల కంపెనీలు కూడబలుక్కుని బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. ఫోన్ విషయంలో వస్తువును ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. అప్‌డేట్లు ఆపేస్తే చాలు.

అప్‌డేట్ అనగానే చాలామందికి కొత్త ఫీచర్లే గుర్తొస్తాయి. అవి రాకపోతే పెద్ద నష్టం లేదు. సెక్యూరిటీ అప్‌డేట్ అలా కాదు. అది పూడ్చే లొసుగుల్లో చాలావరకు ఫోన్ అమ్మిన రోజునే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి, ఆలస్యంగా బయటపడ్డాయంతే. 2015లో తేలిన స్టేజ్‌ఫ్రైట్ లొసుగు వల్ల ఒక్క ఎంఎంఎస్ పంపి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. ఆ దెబ్బకే గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు (లొసుగులను పూడ్చే అప్‌డేట్లు) ప్రకటించడం మొదలుపెట్టింది. అమ్మిన సరుకులో లోపం తేలితే సరిచేయడం అమ్మినవాడి బాధ్యత. దాన్ని కొన్నాళ్లపాటు ఇచ్చే ఉచిత సేవలా చూపించడం నాకు మింగుడు పడదు.

ఇంకో ప్రమాదం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ప్యాచ్ విడుదలైందంటే లోపం ఏ భాగంలో ఉందో కూడా లోకానికి తెలిసిపోతుంది. పాత కోడ్‌ను, కొత్త కోడ్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే లొసుగు ఎక్కడుందో నిపుణులు పట్టేస్తారు, నేరగాళ్లూ పట్టేస్తారు. అదే కోడ్ నడుస్తున్న పాత ఫోన్లకు మాత్రం ఆ ప్యాచ్ రాదు. ఓటీపీలు వచ్చేది ఆ ఫోన్‌కే కదా, టెన్షన్ పడకుండా ఎలా ఉంటాం?

కంపెనీల వాదనలో కొంత నిజం ఉంది. చిప్ తయారీదారు డ్రైవర్లు (చిప్‌ను ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి నడిపే ప్రోగ్రాములు) ఇవ్వడం మానేస్తే పని కష్టమే. ప్రతి మోడల్‌నూ విడిగా టెస్ట్ చేయడానికి ఖర్చవుతుంది. అయినా ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ, చిప్ కంపెనీ మద్దతు ఆగిపోయాక కూడా, 2015లో తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 2కు 2023 దాకా అప్‌డేట్లు ఇచ్చింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు యాపిల్ 2023 జనవరిలో సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. పిక్సెల్ 8కు గూగుల్, గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల హామీ ఇచ్చాయి. అంటే మనసుంటే కుదిరే పనే.

చౌక మోడళ్లలో చాలావాటికి అంత కాలం దక్కదు. పైగా గడువును సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కేస్తారు. రేటు తగ్గేదాకా ఆగి ఏడాదిన్నర తర్వాత కొన్నవాళ్లకు ఆ ఏడాదిన్నర పోయినట్టే. మళ్లీ మళ్లీ ఫోన్ మార్చే స్తోమత లేనివాళ్లకే రక్షణ తక్కువ. ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ లెక్క మార్చాయి. అక్కడ ఐదేళ్ల అప్‌డేట్ల గడువు మొదలయ్యేది మోడల్‌ను మార్కెట్లోకి పంపడం ఆపిన తేదీ నుంచి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీలు ప్రకటించాల్సిందే. నన్నడిగితే ఆ తేదీ వెబ్‌సైట్‌లో ఏదో మూల ఉంటే చాలదు, పెట్టె మీద ధర పక్కనే ఉండాలి.

గడువు తీరాక బూట్‌లోడర్ అన్‌లాక్ చేసుకునే వీలు, అంటే ఫోన్‌కు వేసిన తాళం తీసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు కూడా ఇవ్వాలి. కంపెనీలు వదిలేసిన ఎన్నో మోడళ్లను లినేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ కోడ్‌తో తయారైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వలంటీర్లు ఇంకా నడిపిస్తున్నారు. చిప్‌లోని ఫర్మ్‌వేర్‌ను (చిప్‌ను నడిపే దాని సొంత సాఫ్ట్‌వేర్‌ను) మాత్రం వాళ్లు సరిచేయలేరు, దాని సోర్స్ కోడ్ వాళ్లకు అందదు. కాబట్టి నిబంధనలు ఫోన్ కంపెనీల దగ్గరే ఆగకుండా చిప్ కంపెనీల దాకా వెళ్లాలి.