షాక్ కాలర్ లింకు పెట్టే ముందు

అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే గోడు ఇది: “మా కుక్క ఒకటే మొరుగుడు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి లెటర్ కూడా వచ్చింది. ఏం చేయాలి?” కాసేపటికే ఎవరో ఒకరు షాక్ కాలర్, అంటే కుక్క మెడకు కరెంటు షాక్ ఇచ్చే పట్టీ, లింకు పడేస్తారు, కింద నాలుగు లైకులు. అది ఎప్పుడు మొరుగుతోంది, ఎవర్ని చూసి మొరుగుతోంది అని ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కిటికీ పక్క సోఫా ఎక్కి కూర్చున్న కుక్కను గమనించండి. పోస్టల్ ఆవిడ వస్తుంది, ఇది మొరుగుతుంది, ఆవిడ ఉత్తరాలు వేసి వెళ్లిపోతుంది. పనైపోయి వెళ్లిందని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తరిమికొట్టింది తనే. రోజూ గెలుస్తుంటే ఎందుకు మానుతుంది? లోపల్నుంచి మనం “నోర్ముయ్!” అని అరిస్తే ఆ హడావిడి ఇంకాస్త పెరుగుతుంది, అంతే. సోఫా జరిపి, అద్దం కింది సగానికి ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అంటించండి. మొరుగుడు ఆపిన క్షణంలోనే ఒక చిన్న చికెన్ ముక్క పెట్టండి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు.

తిండి కోసం మొరిగే రకం వేరు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు “పాపం, ఆకలేస్తోందేమో” అని చపాతీ ముక్క వేస్తారు. ఇక ప్రతి భోజనానికీ అదే కచేరీ. పెట్టడం మానేస్తే మొదట్లో గోల ఇంకా పెరుగుతుంది. అప్పుడు మెత్తబడ్డామా, గట్టిగా మొరిగితేనే పని జరుగుతుందని మనమే నేర్పినట్టు. అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పి ఒప్పించడమే అసలు ట్రైనింగ్.

అన్నిటికంటే కష్టమైనది ఒంటరితనం. 2020లో అందరూ ఇంట్లోనే ఉన్నప్పుడు తెచ్చుకున్న కుక్కపిల్లలు చాలావాటికి ఖాళీ ఇల్లంటే ఏమిటో తెలియకుండానే పెరిగాయి. బయటికెళ్లేటప్పుడు పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పెట్టండి. తలుపు గీకుతూ, చొంగ కారుస్తూ మొరుగుతుంటే అది పొగరు కాదు, భయం. నిమిషం, రెండు నిమిషాలు, అయిదు... అలా మెల్లగా అలవాటు చేయాలి. అవసరమైతే వెట్ (పశువుల డాక్టరు) మందు కూడా రాస్తారు. ట్రైనింగ్‌తో పాటు వాడేందుకు ఫ్లూఆక్సెటిన్ అనే మందుకి ఇక్కడ ఎఫ్‌డీఏ (మందులను ఆమోదించే అమెరికా ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉంది. వణికిపోతున్న ప్రాణికి మెడ దగ్గర కరెంటు పెట్టడమేమిటండీ? బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే షాక్ కాలర్లను నిషేధించారు. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికన్ వెటర్నరీ సొసైటీ కూడా ఇలాంటి పద్ధతులు వద్దనే చెబుతోంది.

ముసలి కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్లు మొరగడం మొదలుపెడితే మాత్రం ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పో, చెవుడో, మతిమరుపో కావచ్చు.

ఇవన్నీ ఒక్కరోజులో తేలేవి కావు, ఈలోగా పక్కింటివాళ్లకు నిద్ర ఉండదు. వాళ్ల తలుపు తట్టి, ఫలానా ప్రయత్నం చేస్తున్నామని చెప్పి, మీ నంబరు ఇచ్చి రండి. ఈసారి హెచ్‌ఓఏ లెటర్ కంటే ముందు మీకు వాళ్ల మెసేజ్ వస్తుంది.