చిల్లు పడని ఆకుల తోటలు

రథసప్తమి నాడు శ్రీకాకుళంలో జిల్లేడు ఆకుకు ఎక్కడలేని గిరాకీ. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వెళ్లేవారూ, ఇంటి దగ్గరే తలపై ఏడు ఆకులు పెట్టుకుని స్నానం చేసేవారూ ఖాళీ స్థలాల వెంట దాని కోసం వెతుకుతారు. మర్నాటి నుంచి అదే జిల్లేడు పిచ్చిమొక్క కిందే లెక్క. కాలనీ పార్కులో మొలిస్తే పార మొదట దాని మీదే పడుతుంది. పట్టణంలో పిట్టలకూ పురుగులకూ చోటివ్వడానికి స్థానిక మొక్కలతో ఉమ్మడి తోటలు పెంచుదామనే వారు ముందుగా ఈ పార సంగతి తేల్చుకోవాలి.

ఆ జిల్లేడు ఆకును తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపించవచ్చు. అది ముందు ఆకు ఈనెను కొరికి, పాలు కారిపోయాక తినడం మొదలుపెడుతుంది. ఒంట్లో చేరిన ఆ పాల విషమే దానికి పిట్టల నుంచి రక్షణ. మన ఊళ్లలో తరచూ కనిపించే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక అలాంటి పురుగు నుంచే వస్తుంది. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, కరివేపాకు, మారేడు కావాలి. ఎమిగ్రెంట్ అనే లేతపసుపు జాతికి రేల, క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ కావాలి. పెద్దయిన సీతాకోకచిలుక రకరకాల పువ్వుల మీద వాలి తేనె తాగుతుంది కాబట్టి, లాంటానా అనే విదేశీ పూలపొద గుబురు చుట్టూ అవి ముసిరితే తోట బాగుందనుకుంటాం. వాటి పిల్లలకు మాత్రం అక్కడ మేత లేదు. తేనెకు వచ్చిపోయే చోటు వేరు, గుడ్లు పెట్టి సంతతిని నిలుపుకునే చోటు వేరు.

పిట్టల లెక్కా ఇంతే. పిచ్చుక గింజలు తినేదే అయినా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే. అమెరికా రాజధాని వాషింగ్టన్ ప్రాంతపు ఇళ్ల పెరళ్లలో చికడీ అనే చిన్న పిట్టపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. పెరటి పచ్చదనంలో స్థానిక మొక్కల వాటా 70 శాతానికి తగ్గిన చోట ఆ పిట్టలు తమ సంఖ్యను నిలుపుకోలేకపోయాయని అందులో తేలింది. ఆ అంకెను తెచ్చి మన పికిలిపిట్టకు అతికించలేం. కానీ ఆకు తినే పురుగు లేకపోతే పిట్టపిల్లకు తిండి దొరకదన్న కారణం నాగావళి గట్టున కూడా మారదు.

మన లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం వదలాలనే నిబంధన ఉంది. ఆక్రమణలు తప్పించుకున్న చోట్ల ఆ స్థలంలో పచ్చిక, చుట్టూ కోనోకార్పస్ అనే విదేశీ చెట్ల వరుస, గేటు దగ్గర రెండు రాయల్ పామ్‌లు కనిపిస్తాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించిన కోనోకార్పస్‌ను మనం ఎంచుకోవడానికి కారణం ఇష్టం కంటే సౌకర్యమే: త్వరగా పెరుగుతుంది, ఆకు పెద్దగా రాల్చదు, కడియం నర్సరీల నుంచి వచ్చే లారీలో ఎప్పుడూ దొరుకుతుంది. ఈశ్వరి తీగనో వావిలినో అడిగితే నర్సరీవారు మన వంక వింతగా చూస్తారు.

అలాగని స్థానికమన్న ముద్ర ఒక్కటే చాలదు. ఏడాకులపాల మన దేశపు చెట్టే. కానీ హుద్‌హుద్ తుపాను తరవాత విశాఖలో వరుసలకు వరుసలు అదే నాటడంతో, చలికాలం వచ్చేసరికి దాని పూల ఘాటు భరించలేక జనం కొట్టేయమంటున్నారు. ఇటు చింతను వృక్షశాస్త్రజ్ఞులు ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. అయినా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో వానాకాలపు అతిథులైన నత్తగుళ్ల కొంగలు గూళ్లు కట్టేది ఊళ్లోని చింత వంటి పాత చెట్ల మీదనే. శతాబ్దాలుగా ఇక్కడి జీవులతో కలిసిపోయిన చెట్టును పుట్టుక అడిగి వెళ్లగొట్టడం, నా దృష్టిలో, చాదస్తం. ఆ కొంగలు నిలిచింది ఊరివాళ్లు రెట్టనూ వాసననూ గోలనూ ఓర్చుకున్నందువల్లే, చుట్టుపక్కల పొలాల్లో వాటికి నత్తలు దొరుకుతున్నందువల్లే. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతుల విషయమూ అంతే.

పట్టణ కాలనీలో కొరవడేది ఈ ఓర్పే. రాలిన ఆకును ఊడ్చి తగలబెడతారు, గొంగళిపురుగు కనిపిస్తే మందు కొడతారు, ఎండిన మోడును నరికేస్తారు. వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట గూడు తొలుచుకునేది అలాంటి మోడులోనే. పాముల భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. పిల్లలు ఆడుకునే చోట పొదలు వద్దనే తల్లి మాట న్యాయమైనదే. దానికి పార్కునంతా గుండు గీయనక్కర్లేదు: నడకదారి పక్కన గడ్డి కురచగా కోసి, పొదలను గోడవైపు ఉంచి, చెత్త పేరుకోకుండా చూస్తే చాలావరకు సరిపోతుంది. చెత్త ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే పాములు వస్తాయి. తోటమాలికి ఇచ్చే పనిలో ‘శుభ్రం చేయుట’ అని రాసినంతకాలం అతను అన్నీ పీకేస్తూనే ఉంటాడు. ఏ మొక్క ఉంచాలో, ఏ నెలలో కత్తెర వేయకూడదో కాలనీ సంఘం రాసివ్వాలి.

మొక్కల సరఫరా కూడా సంఘం చేతిలోనే ఉంటే మేలు. రేల గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో నానబెడితే గానీ సరిగా మొలవదు. అయితే నెలల తరబడి దాచుకోవచ్చు. నేరేడు గింజ అలా ఆగదు. ఎండిందా, మొలిచే శక్తి పోతుంది. కాబట్టి జూన్, జూలైలో పండు తిన్న కొద్దిరోజుల్లోనే గింజను మట్టి నింపిన సంచిలో పెట్టాలి, ఆ సంచులకు పార్కులోనే నీడపట్టున ఓ మూల కేటాయించాలి, నాటాక కనీసం రెండు వేసవులు నీళ్లు పోసే మనిషికి సంఘం జీతం ఇవ్వాలి.