పథ్యం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పథ్యం గారి దివ్యసముఖమునకు, తిరుపతి నుంచి కుడికాలి బొటనవేలు వాచిన తమ విధేయుడు చేసుకునే విన్నపము.

మే నెలలో ఒక ఆదివారం, బంధువుల ఇంట రాగి సంగటితో మాంసం కూర, కార్జం వేపుడు తిని, సాయంత్రం రెండు సీసాల బీరు ముగించి, అంతటి ఎండలోనూ మంచినీళ్లకు బదులు తియ్యటి మామిడి పానీయంతోనే దాహం తీర్చుకుని పడుకున్న నేను, రాత్రి రెండు గంటలకు బొటనవేలి మొదట్లో నిప్పుకణిక పెట్టినట్టయి లేచి కూర్చున్నాను. తెల్లవారేసరికి ఆ కీలు ఎర్రగా నిగనిగలాడుతూ, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని స్థితికి వచ్చింది. ఎడమకాలికి చెప్పు, కుడికాలికి తడి తువ్వాలు ధరించి ఆటో ఎక్కుతున్న నన్ను చూసి, ఎదురింటాయన తిరుమల నడకదారిలోని మోకాళ్ల మిట్ట ఎక్కి వచ్చారా అని భక్తితో అడిగారు.

డాక్టరు గారు దానికి గౌట్ అనే కీళ్లవాపు జబ్బని పేరు పెట్టేలోపే తమరు మా ఇంట్లో కాలు పెట్టారు. మా పెద్దమ్మ రూపంలో వచ్చి కందిపప్పు మానిపించారు, ఎదురింటాయన నోట పాలకూర వద్దనిపించారు, వాట్సాప్‌లో అవతరించి పెరుగును నిషేధించారు. కార్జం జోలికి మాత్రం తమరు పోలేదు. పైగా కాలికి జబ్బు గనుక మేకకాళ్ల సూపు తాగాలని అదే పెద్దమ్మ చేత క్యారియర్ పంపించారు. మామిడి పానీయం పండ్లరసమే గదా అని దానికి అనుమతిపత్రం కూడా ఇచ్చారు. తోతాపురి పండించే జిల్లావాళ్లం గనుక అభిమానం కాబోలు.

అయ్యా, కణాల్లోనూ తిండిలోనూ ఉండే ప్యూరిన్లు విరిగితే మిగిలేదే యూరిక్ ఆమ్లం. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మన ఒంట్లోనే పుడుతుంది, తిండి వాటా మిగిలిన మూడో వంతే. దాన్ని బయటికి పంపే భారం ముఖ్యంగా మూత్రపిండాలది. డెసిలీటరు రక్తంలో 6.8 మిల్లీగ్రాములు దాటితే అది పూర్తిగా కరిగి ఉండలేక, ఒంట్లో చల్లగా ఉండే కాలివేళ్ల కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవచ్చు. అవి రేపే వాపే గౌట్. బీరు ప్యూరిన్లను తెస్తూనే, మూత్రపిండాలు ఆమ్లాన్ని పంపకుండా అడ్డుపడుతుంది. తియ్యటి పానీయంలోని ఫ్రక్టోజు అనే చక్కెరను కాలేయం కరిగించే క్రమంలో కొత్తగా యూరిక్ ఆమ్లం తయారవుతుంది. మాంసం ఉడికించిన నీళ్లలోకి ప్యూరిన్లు దిగుతాయి గనుక, పెద్దమ్మ గారి సూపు నా పాలిట ఔషధం కాదు, ఎరువు.

తమరు నిషేధించిన వాటి సంగతీ మనవి చేస్తాను. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం, చేపలు, రొయ్యల వంటివి ఎక్కువగా తిన్నవారికి గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పుల వల్ల పెరగలేదు. పాల పదార్థాలు ఎక్కువగా తీసుకున్నవారికి తగ్గింది. అంటే నా పెరుగు గిన్నెను తమరు అన్యాయంగా జప్తు చేశారు.

తమ ఉపవాస వ్రతం గురించి ఎంత చెప్పినా తక్కువే. బరువు తగ్గాలన్న మాట నిజమే, కానీ మెల్లగా తగ్గాలి. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే పదార్థాలు మూత్రపిండాల దగ్గర యూరిక్ ఆమ్లానికి అడ్డు నిలుస్తాయి. మూడు రోజుల నిరాహారం నాకు ప్రసాదించింది రెండో దఫా వాపు.

అంతకంటే ఘోరం, నొప్పి తగ్గింది గదా, పథ్యం ఉంటే చాలు, మాత్ర ఎందుకని నా చేత మాన్పించబోవడం. నొప్పి పోయినంత మాత్రాన స్ఫటికాలు పోవు. దాడి జరుగుతున్నప్పుడు రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం అంకె మామూలుగా కనబడవచ్చు గనుక డాక్టరు గారు కొన్ని వారాలాగి మళ్లీ రక్తం తీయించారు. ఆ అంకెను 6 కంటే కిందికి తెచ్చి, అక్కడే నిలపాలన్నారు. అందుకు చాలామందికి పథ్యం ఒక్కటే సరిపోదని చెప్పి, వాడమన్న మాత్రను ఆయన చెప్పేదాకా ఆపవద్దన్నారు.

కాబట్టి నా కందిపప్పును, పాలకూరను, పెరుగును ఈ లేఖ అందిన వెంటనే విడుదల చేయించి, వాటి స్థానంలో కార్జాన్ని, బీరును, మామిడి సీసాను నిర్బంధించవలసిందిగా ప్రార్థన. మేకకాళ్ల క్యారియర్‌ను కడిగి సిద్ధంగా ఉంచాను, ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు

తాజా కలం: ఇప్పుడే పెద్దమ్మ ఫోను చేసి వంకాయ కూడా మానమన్నారు. కారణం అడిగితే తమ పేరే చెప్పారు.