వాడొక్కడు తగ్గితే చాలు

తెలుగు ఇంట్లో పదమూడేళ్ళ పిల్లాడి బరువు తెలుసుకోవడానికి తూకం మిషన్ కొనక్కర్లేదు. ఏదో ఒక పెళ్ళికి తీసుకెళ్తే చాలు. భోజనాల హాలు గుమ్మం దాటేలోపే ముగ్గురు కొలిచి చెబుతారు. "ఏరా, బాగా ఒళ్ళు చేశావే!" అని మేనత్త. "నాన్నని మించిపోయావురా, పొడుగులో కాదులే" అని బాబాయి. "మావాడూ ఇలాగే ఉండేవాడు, హాస్టల్లో వేశాక దిగిపోయాడు" అని ఎవరో తెలియని పెద్దమనిషి. ఈ తీర్పు వెలువడిన ఐదు నిమిషాలకు అదే మేనత్త వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, "వాడికి ఇంకో రెండు బూరెలు వెయ్యి నాయనా, ఎదిగే పిల్లాడు. నెయ్యి పోశావా?" అంటుంది. ఇందులో ఏదో తిరకాసు ఉందనుకునేవాళ్ళకు మన పద్ధతులు తెలియవన్నమాట. విమర్శ నోటి శాఖ చూసుకుంటుంది, ప్రేమ చేతి శాఖ చూసుకుంటుంది. ఒకరి ఫైలు ఇంకొకరు తెరవరు.

పెళ్ళి నుంచి ఇంటికి రాగానే కుటుంబ సమావేశం జరుగుతుంది. పిల్లాడి బరువు తగ్గించాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. షరతు ఒక్కటే: వాడి బరువు తప్ప ఇంట్లో గానీ బడిలో గానీ ఇంకేదీ మారకూడదు. డాక్టర్లు, పోషకాహార నిపుణులు ఈ చిన్న షరతును లెక్కచెయ్యకుండా ఏళ్ళ తరబడి ఏవేవో చెబుతూనే ఉన్నారు. వాళ్ళ సలహాలు మనలాంటి గౌరవనీయ కుటుంబాలకు ఎందుకు సరిపడవో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొలత సంగతి. మనం ఫోన్‌లో యాప్ తెరిచి ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు అని కొడతాం. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 22.2 అని వస్తుంది. పిల్లల డాక్టరేమో, అందులో హద్దులు పెద్దవాళ్ళవి, ఎదిగే వయసుకు పనికిరావు అంటాడు. 5 నుంచి 18 ఏళ్ళ వరకు మగపిల్లలకు వేరుగా, ఆడపిల్లలకు వేరుగా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులున్నాయట. ఆయన ఆ చార్టు మీద పెన్నుతో ఒక చుక్క పెట్టి, కొన్ని నెలలాగి మళ్ళీ రమ్మంటాడు, ఇంకో చుక్క పెట్టడానికి. పైగా ఒక లెక్క చెబుతాడు. ఇదే పిల్లాడు ఏడాదిలో 158 సెంటీమీటర్లకు ఎదిగి, బరువు 50 దగ్గరే ఆగితే, బీఎంఐ దానంతటదే 20కి దిగుతుంది. ఒక్క గ్రాము తగ్గనక్కర్లేదు. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు, ఆడపిల్లలు అంతకు ఏడాది రెండేళ్ళ ముందు గబగబా పొడుగవుతారు. ఆ ఎదుగుదలకు ముందు కాస్త ఒళ్ళు రావడం మామూలే. కాబట్టి ఈ వయసులో చాలామందికి బరువు దించే పని పెట్టుకోకుండా, ఉన్నచోట నిలబెడితే సరిపోతుందట. ఐదొందలు ఫీజు తీసుకుని "పొడుగవనివ్వండి" అని పంపించేవాడు డాక్టరా? టానిక్ రాయడు, ఇంజెక్షన్ వెయ్యడు. పక్క వీధిలో ఇంకో ఆయన ఉన్నాడు, టెస్టులు బాగా రాస్తాడని పేరు.

టెస్టుల్లో మనకు అన్నిటికంటే ఇష్టమైనది థైరాయిడ్. అది ఉందని తేలితే ఇంట్లో ఎవరి తప్పూ ఉండదు. కానీ థైరాయిడ్ తక్కువైన పిల్లలకు సాధారణంగా ఎదుగుదల మందగిస్తుంది. ఉగాదికి కుట్టించిన ప్యాంటు దసరాకి చీలమండ పైకి ఎక్కిపోతున్నవాడికి ఆ జబ్బు ఉండటం అరుదు. ఇది విన్నాక ఇంటిల్లిపాదికీ నిరాశే.

ఇక మెడ. ఆదివారం పొద్దున అమ్మ పెరట్లో స్టూలు వేసి, వాణ్ణి కూర్చోబెట్టి, శనగపిండిలో పెరుగు కలిపి మెడ వెనకాల రుద్దుతుంది. నల్లగా, మఖమల్ గుడ్డలా మందంగా ఉన్న ఆ చారలు పోవు. నిమ్మచెక్క తెస్తుంది. అమ్మమ్మ పీచు తెస్తుంది. పిల్లాడు "మంట అమ్మా" అని అరుస్తాడు గానీ నలుపు కదలదు. కదలకపోవడానికి కారణం, అది మురికి కాకపోవడమే. బరువు పెరిగిన పిల్లల్లో ఆ నలుపు చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ మాట సరిగ్గా చెల్లడం లేదనడానికి గుర్తు. దాన్ని, రాత్రిళ్ళు పెద్దగా పెట్టే గురకనూ డాక్టరుకు చూపించాలి, చెప్పాలి. వేళాకోళం పక్కనపెట్టి చెబుతున్న మాట ఇది. ఆ నిమ్మచెక్క పారేయండి.

తిండి దగ్గరికి వద్దాం. పిల్లాడి విషయం తెలియగానే వాట్సాప్ నిండా వైద్యం మొదలవుతుంది. జీలకర్ర నీళ్ళు, నిమ్మరసంలో తేనె, అన్నం బంద్, రాత్రి భోజనం బంద్. మూడో ఫ్లోర్ అంకుల్ పదహారు గంటల ఉపవాసం చేసి ఐదు కిలోలు తగ్గాడట, వీడికీ పెడదామంటారు. జిమ్ముకు వెళ్ళే అన్నయ్య ప్రొటీన్ డబ్బా తెస్తానంటాడు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, ఒళ్ళు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని రాసింది. తార్నాకకు సిటీ బస్సు ఉంది గనక ఆ మాటకు మన దగ్గర విలువ లేదు. అమెరికా నుంచి వస్తే ఆలోచిద్దుము.

అమెరికా నుంచీ వచ్చింది మరి. అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2016లో కౌమారంలో ఉన్న పిల్లల గురించి ఒక నివేదిక ఇచ్చింది. పిల్లలచేత డైటింగ్ చేయించొద్దు, కడుపు మాడ్చుకునే పిల్లలు తర్వాత ఇంకా బరువు పెరిగే ప్రమాదం ఉంది, తిండి మీద విరక్తి పుట్టే మానసిక జబ్బుల్లో పడే ప్రమాదమూ ఉంది అంది. ఇంటిల్లిపాదీ కలిసి భోంచెయ్యమంది. ఇంట్లో బరువు ఊసే ఎత్తొద్దంది. బరువు ఊసెత్తకపోతే ఇక పిల్లాడితో ఏం మాట్లాడాలి? మార్కుల గురించి పొద్దున్నే మాట్లాడేశాం. కలిసి భోంచెయ్యడమూ అంత తేలిక కాదు. నాన్న తొమ్మిదిన్నరకు వచ్చి ఫోన్ చూస్తూ తింటాడు, పిల్లాడు ట్యాబ్ ముందు తింటాడు, అమ్మ అందరూ తిన్నాక వంటగదిలో నిలబడి మిగిలింది తింటుంది. తరతరాల ఏర్పాటును ఎవరో చెప్పారని మార్చేస్తామా?

మార్చకుండానే పిల్లాడికి న్యాయం చేసే మార్గం ఒకటుంది. దాని పేరు వేరే కంచం. ఆదివారం ఇంట్లో బిర్యానీ వస్తుంది, మిర్చీ కా సాలన్ వస్తుంది, రెండుంపావు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ వస్తుంది. వాడి కంచంలో మాత్రం రెండు పుల్కాలు, ఉప్పు తగ్గించిన సొరకాయ కూర. ఎదురుగా కూర్చున్న నాన్న లెగ్ పీస్ కొరుకుతూ, "కంట్రోల్ ఉండాలి నాన్నా, జీవితంలో కంట్రోల్ ముఖ్యం" అంటాడు. వాడు తలూపుతాడు. సాయంత్రం ఆరున్నరకు పుస్తకం కొనాలని చెప్పి వీధి చివరకు వెళ్ళి, చిప్స్ ప్యాకెట్లు రెండు తిని, మూతి తుడుచుకుని వస్తాడు. వాడికి కంట్రోల్ లేదని ఆ రాత్రి మళ్ళీ తీర్మానం.

ఆ బాటిల్ గురించి ఒక్క లెక్క. మామూలు కోలాల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆ బాటిల్లో దాదాపు పావు కిలో చక్కెర. పైనుంచి వేసుకునే చక్కెర పెద్దవాళ్ళకే రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంట్లో ఆ బాటిల్ కొనడం మానేస్తే పిల్లాడి బరువు విషయంలో చాలా పని జరిగిపోతుందని డాక్టర్లంటారు. కానీ బాటిల్ ఇంటికొచ్చిన బావగారి కోసం కదా. పోనీ పాలలో కలిపే పొడి ఉంది, బలానికి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ అలాంటి పొడులను ఆన్‌లైన్ దుకాణాల్లో 'హెల్త్ డ్రింక్స్' వరుసలోంచి తీసెయ్యమంది. వరుసలోంచి తీశారు గానీ మన అలమరాలోంచి తియ్యమనలేదుగా.

నిపుణులు చెప్పే తిండి మరీ నీరసమైనది. పొద్దున ఏదీ మానకుండా పెసరట్టో, ఇడ్లీ సాంబారో, గుడ్డో తినడం. మధ్యాహ్నం అన్నం ఒక హస్తం తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచడం. సాయంత్రం వేయించిన పల్లీలు, జామకాయ, మజ్జిగ. ఆకలేస్తే తినడం, చాలనిపిస్తే కంచంలో వదిలెయ్యనివ్వడం. ముఖ్యంగా, అదే తిండి ఇంట్లో అందరూ తినడం. చివరి వాక్యం దగ్గరే నాన్న లేచి వెళ్ళిపోయాడు.

ఆడపిల్లల విషయంలో మన వైఖరి ఇంకా శాస్త్రీయం. అమ్మాయి పెద్దమనిషి కాగానే చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతాం, నెయ్యి పోస్తాం, ఫంక్షన్ హాలు మాట్లాడతాం. అదే రోజు నుంచి తాడాట, సైకిలు, వీధిలో షటిల్ బంద్. "ఎగరకూడదమ్మా ఇంక." నాలుగు నెలలయ్యాక, "ఒళ్ళు వచ్చేసింది, రేపు ఎలా?" అని దిగులు. ఆ వయసులో ఆడపిల్లకు కాస్త కండ, కొవ్వు పెరగడం ఒంటి ఏర్పాటే. పాపం చిమ్మిలి చేసిన నేరమూ లేదు, నువ్వుల్లో ఇనుము దండిగా ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. వాళ్ళచేత రాత్రి అన్నం మాన్పించి, పెళ్ళయ్యాక రక్తం లేదని ఐరన్ మాత్రలు మింగించడం మన దూరదృష్టి. అన్నం మాన్పించకుండా, మాన్పించిన ఆ ఆటలే తిరిగి మొదలుపెట్టించమంటే మాత్రం, నలుగురూ ఏమనుకుంటారు?

ఇక ఆట. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా చెమట పట్టే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గంట! ఏడాదికి 365 గంటలు. అన్ని గంటల్లో ఎన్ని ఫిజిక్స్ బిట్లు చెయ్యొచ్చో ఆ సంస్థలో ఒక్కరైనా లెక్కేశారా? మనవాడు ఎనిమిదో తరగతి, ఫౌండేషన్ బ్యాచ్. ఐదున్నరకు లేస్తాడు, ఆరుకు ఆన్‌లైన్ క్లాసు, ఏడుంబావుకు బస్సు, నాలుగున్నర దాకా బడి, ఏడింటి దాకా స్టడీ అవర్, తర్వాత లెక్కల ట్యూషన్, హోంవర్క్. పడుకునేసరికి పదకొండున్నర. అంటే ఆరు గంటల నిద్ర. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని, నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుందని, అదీ అన్నం మీద కాకుండా తీపి మీద, వేపుళ్ళ మీద పెరుగుతుందని డాక్టర్లంటారు. అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడు విన్న తల్లికి ఇది తెలుసు, కాకపోతే దాన్ని తిండిపోతుతనం అంటుంది.

బడిలో గేమ్స్ పీరియడ్ ఉంది, టైంటేబుల్లో రంగు పెన్సిల్‌తో రాసి మరీ ఉంది. శనివారం ఆఖరిది. లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోతే దానికే వాడుకుంటారు, సిలబస్ ఎప్పుడూ మిగిలే ఉంటుంది. పీఈటీ సారు కూడా ఉన్నారు, ఆగస్టు 15 పరేడ్‌కీ, ఫీజు కట్టనివాళ్ళను లైన్లో నిలబెట్టడానికీ. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని రాశారు. చట్టంలో ఉంది గనక బడిలో ఉండక్కర్లేదని మేనేజ్‌మెంట్లు అర్థం చేసుకున్నాయి. ఐదంతస్తుల భవనంలో సెల్లార్ ఉంది, అందులో బస్సులున్నాయి. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర దట్టించిన తిండి అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధన పెట్టింది. చిప్స్ కొట్టతను టేపు పెట్టి కొలుచుకున్నాడో లేదో గానీ, పిల్లలు ఆ దూరం పరుగెత్తే వెళ్తారు. రోజు మొత్తంలో వాళ్ళు చేసే వ్యాయామం అదే.

కనుక ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఒక్క ప్రతిపాదనతో ముగిస్తాను. పిల్లల బరువు మీద ఏ ఫంక్షన్‌లో నైనా, ఏ బంధువైనా నిరభ్యంతరంగా వ్యాఖ్యానించవచ్చు. అయితే వ్యాఖ్యానించే ముందు తన నడుం కొలత, బీపీ, షుగర్ రిపోర్టు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. పరగడుపు రిపోర్టు చెల్లదు, ముందురోజు ఉపవాసం ఉండి తెచ్చుకుంటారు. మూడు నెలల సగటుది కావాలి. మేనత్తగారికి ల్యాబు అడ్రసు నేను పంపిస్తాను.