బి ప్లస్ వచ్చింది, మరి చదవడం?

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక మూడో తరగతి పిల్ల ఇంటికి తెచ్చే ప్రోగ్రెస్ కార్డు మనందరికీ తెలిసిందే. తెలుగుకు బి ప్లస్, లెక్కలకు బి, ఇంగ్లిష్‌కు సి. అడుగున ‘ఇంకా బాగా చదవాలి’ అని ఒక ముక్క, దాని పక్కన సంతకానికో వేలిముద్రకో చిన్న గడి. తల్లి వేలిముద్ర వేస్తుంది. కార్డు మర్నాడు బడికి తిరిగెళ్లి బీరువాలో పడుతుంది. ఇంత రాకపోకలో ఆమెకు తెలిసింది ఒక్కటే, తన కూతురు పక్కింటి పిల్లకన్నా ఒక మెట్టు పైనుందో కిందుందో. కొత్త పుస్తకం తెరిచి ఒక పేరా తనంతట తాను చదవగలదా, దుకాణానికి పంపితే చిల్లర సరిచూసుకోగలదా అన్న సంగతి ఆ కార్డులో ఎక్కడా కనపడదు.

మార్కులు కూడే పద్ధతిలోనే ఈ లోటు ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై తెలంగాణలో కొనసాగుతున్న లెక్క ప్రకారం నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే పాఠాలు సాగుతుండగానే పిల్లలకు మార్కులు వేయడం, టీచర్ల నోట ఎఫ్‌ఏ, 50 మార్కులకు ఉంటుంది. భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. మొత్తం 46 నుంచి ఏ ప్లస్, 36 నుంచి ఏ, 26 నుంచి బి ప్లస్, 21 నుంచి బి, ఆ కింద సి. ఇప్పుడు కూడి చూడండి. అల్లరి చేయకుండా కూర్చునే పిల్లకు భాగస్వామ్యం కింద 8 పడతాయి. బోర్డు మీది జవాబులు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటే రాత పనికి 8. ప్రాజెక్టు అన్న రాసిపెట్టినా, జిరాక్స్ షాపులో కొన్న బొమ్మలు అతికించినా దానికీ 8. ఇవన్నీ కలిపి 24. లఘు పరీక్షలో 20కి 2 వచ్చినా చాలు, 26 అయి బి ప్లస్ చేతికొస్తుంది. అందులో పిల్ల ఒంటరిగా కూర్చుని సాధించుకున్నవి ఆ రెండు మార్కులే.

టీచరును దొంగ లెక్కలు రాశారని నిందించడం తేలిక. రోజూ పిల్లల్ని గమనిస్తూ, మాట్లాడిస్తూ, ఆ గమనింపునే మార్కుగా మార్చాలన్న ఆలోచన మంచిదే. కానీ ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే బడిలో గమనించే తీరికెక్కడిది? గడువు ముంచుకొచ్చాక ఒక్క సాయంత్రం కూర్చుని అందరికీ 7, 8, 9 వేసేస్తారు. అవే అంకెలు రిజిస్టరులో ఒకసారి, కార్డులో ఒకసారి, ఆన్‌లైన్‌లో ఒకసారి ఎక్కించాలి. పైగా తరగతిలో సి గ్రేడులు ఎక్కువైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది టీచరే. ఇన్ని ఒత్తిళ్ల మధ్య తయారైన గ్రేడు పైఅధికారిని తృప్తిపరచడానికి పనికొస్తుందేమో, తల్లికి మాత్రం పనికిరాదు.

ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2024లో చెప్పిందేమిటో ఈ కార్డుల పక్కన పెట్టి చూడాలి. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్నవారిలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం. మిగిలిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ ఏడాది ఏదో ఒక గ్రేడు కింద సంతకం చేసే ఉంటారు.

పిల్లల చదువు గురించి తల్లిదండ్రులకు చెప్పడం బడి దయ చూపడం కాదు, చట్టం అప్పగించిన పని. విద్యా హక్కు చట్టం 2009లోని 24వ సెక్షన్ టీచరు విధులను వరసగా చెప్పింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో సాధించిన ప్రగతి తెలియజేయాలన్నది వాటిలో ఒకటి. ఆ నిబంధనలో కార్డు ఊసే లేదు. ముఖాముఖి కూర్చుని తెలియజెప్పమన్నారు. ఆ తెలియజెప్పే పనిని మనవాళ్లు కాగితానికి అప్పగించి చేతులు దులుపుకున్నారు.

తెలియజెప్పడం అంటే ఎలా ఉండాలో లెక్కల నోటుపుస్తకంలోంచే చూపవచ్చు. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. గుడ్డిగా వేసిన జవాబు కాదది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి 5 వేశారు, పదుల స్థానంలో 5లోంచి 2 తీసి 3 వేశారు. తీసివేత వాళ్లకు వచ్చు, పదిని విడగొట్టి అప్పు తెచ్చుకోవడం రాదు. కార్డు దీన్ని ‘లెక్కల్లో వెనకబడింది’ అంటుంది. తల్లికి చెప్పాల్సింది వేరు. చీపురుపుల్లలు పదేసి కట్టి, రబ్బరు బ్యాండు వేసి అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పిల్ల ముందు పెట్టమనాలి. ఏడు పుల్లలు ఇమ్మంటే రెండే ఉన్నాయి కదా, అప్పుడు ఒక కట్ట విప్పాలి, పన్నెండవుతాయి. ఇలా వారం రోజులు, సాయంత్రం పది నిమిషాలు చేయిస్తే చాలు. ఈ పనికి తల్లి చదువుకుని ఉండనక్కర్లేదు.

చదవడం సంగతీ అంతే. తెలుగులో బి తెచ్చుకున్న ముగ్గురు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చదివిస్తే మూడు రకాల ఇబ్బందులు బయటపడతాయి. ఒకరు గుణింతాల దగ్గరే ఆగి ‘ప కొమ్మిస్తే పు’ అని కూడబలుక్కుంటారు. ఇంకొకరు గుణింతాలు దాటేశారు కానీ ఒత్తు కనపడగానే దాన్ని మింగేసి ‘రాత్రి’ని ‘రాతి’ అనీ, ‘పుస్తకం’ని ‘పుసకం’ అనీ చదువుతారు. మూడో పిల్ల గడగడా చదివేస్తుంది. పాఠం మధ్యలోని వాక్యం మీద వేలుపెట్టి అక్కణ్నుంచి చదవమంటే గొంతు ఆగిపోతుంది, ఎందుకంటే ఆమె పాఠాన్ని చెవితో విని కంఠస్థం చేసింది. ముగ్గురికీ ఇంట్లో చేయించాల్సిన పని వేరు. ముగ్గురి కార్డులో అక్షరం ఒకటే.

నిమిషానికి ఇన్ని మాటలు అనే కొలత గురించి ఒక మాట. కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. తెలుగు మాటను ఇంగ్లిష్ మాటతో సమానంగా తూచలేం. ‘వాళ్లింటికెళ్లొచ్చాడు’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లిష్‌లో ఆ విషయం చెప్పడానికి ఎనిమిది మాటల దాకా కావాలి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన మౌలిక అభ్యసన అధ్యయనం భాషకో కొలమానం నిర్ణయించింది కూడా ఇలాంటి తేడాల వల్లే. ఈ లెక్కలు టీచరు దగ్గర ఉంటే ఉపయోగమే. తల్లికి ‘నిమిషానికి 41’ అని రాసి పంపితే ఒరిగేదేమీ లేదు. ‘ఇరవయ్యో పేజీ దాకా ఆగకుండా చదువుతోంది, అక్కణ్నుంచి ఒత్తుల దగ్గర ఆగుతోంది’ అని పుస్తకం తెరిచి చూపిస్తే అర్థమవుతుంది.

ఈ సమాచారం బడిలో లేక కాదు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కింద ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు ఎవరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఎవరు పదాలు చదువుతున్నారు, ఎవరికి తీసివేత వచ్చు అన్నది టీచర్లు పరీక్షించి రాసుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల పరీక్షలను విడి కాగితాల మీద కాకుండా అసెస్‌మెంట్ పుస్తకాల్లో రాయించి బడిలో ఉంచే పద్ధతి 2025-26లో వచ్చింది. ఆ పుస్తకాల బరువు మీద టీచర్ల ఫిర్యాదులు ఉన్నా, ఆగస్టులో పిల్ల రాసిందీ జనవరిలో రాసిందీ ఒకేచోట కనపడటం గొప్ప సౌకర్యం. కార్డు కన్నా ఆ పుస్తకాన్నే తల్లి ముందు తెరవాలని మా సూచన.

అది తెరవడానికి సమయం కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు రాష్ట్రమంతటా ఒకే రోజు జరిపింది. బడి గుమ్మం ఎన్నడూ ఎక్కని తల్లిదండ్రులను లోపలికి పిలవడం మెచ్చుకోవాల్సిన పనే. అయితే వేదిక, అతిథులు, ప్రసంగాలు, ఆటల పోటీలు, భోజనాలు అన్నీ ఒక పూటలో ముగించాల్సివస్తే ఒక్కో పిల్ల గురించి మాట్లాడటానికి ఏం మిగులుతుంది? ముప్పైమంది ఉన్న తరగతిలో మనిషికి అయిదు నిమిషాలు ఇస్తేనే రెండున్నర గంటలు. ఒక్కరోజు పండగలో అది కుదరదు. రోజుకు పదిమంది చొప్పున మూడు సాయంత్రాలు, బడి వదిలాక యాభై నిమిషాలు పెట్టుకుంటే కుదురుతుంది.

సాయంత్రాలు అనడానికి కారణం ఉంది. పత్తి తీతకో మిర్చి కోతకో పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లిపోయే తల్లిని పదిన్నరకు రమ్మంటే ఆ రోజు కూలి వదులుకోమన్నట్టే. ఆమె రాకపోతే ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అని మినిట్స్ పుస్తకంలో రాస్తారు. వలస వెళ్లిన ఇళ్లలో పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. అలాంటి ఊళ్లలో దసరాకో సంక్రాంతికో సెలవులిచ్చే ముందురోజు ఒక సమావేశం పెట్టుకుంటే, పండక్కి వచ్చిన తల్లిదండ్రులు కొందరైనా దొరుకుతారు.

ఆ అయిదు నిమిషాల్లో పిల్ల పక్కనే ఉండాలి. ముందుగా చూడని పేరా ఒక నిమిషం చదవాలి, ఒక లెక్క చేయాలి. టీచరు జూన్ నాటి పేజీ, నిన్నటి పేజీ చూపాలి. వచ్చినది ఒకటి, రానిది ఒకటి, ఇంట్లో చేయించాల్సింది ఒకటి చెప్పాలి. తర్వాత తల్లిని అడగాలి: రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది, బోర్డు మీది అక్షరాలు కనపడటం లేదని ఎప్పుడైనా అందా, చెవి నొప్పి అందా? బడికి తెలియని సగం సమాచారం ఆమె దగ్గరే ఉంటుంది. ఇదంతా మిగతా తల్లుల ఎదుట జరగకూడదు. ‘ఫలానా వాళ్ల అబ్బాయిని చూడండి’ అన్న మాట ఒక్కటి చాలు, ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు పడటానికి.

హాజరును కూడా శాతాల్లో చెబితే పస ఉండదు. పన్నెండు రోజులు రాలేదంటే, ఆ పన్నెండూ ఒకేసారి జ్వరానికి పోయాయా, ప్రతి సోమవారం ఒక్కోటిగా పోయాయా అన్నది చూడాలి. సోమవారాలైతే సంతకు వెళ్లే తల్లి చంటివాణ్ని ఈ పిల్లకు అప్పగిస్తోందేమో. ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పిన కనీస పనిదినాలు ఏడాదికి 200 మాత్రమే.

జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన సమగ్ర ప్రగతి పత్రం ఇప్పుడు బడులకు చేరుతోంది. పిల్ల తనను తాను అంచనా వేసుకోవడం, తోటిపిల్లల అభిప్రాయం, ఇంటివాళ్ల మాట కూడా అందులో ఉండటం బాగుంది. ఒక్కో పత్రంలో నలభై గడులు ఉన్నాయనుకుంటే ముప్పైమందికి 1,200 టిక్కులు. మళ్లీ ఒక్క సాయంత్రమే, మళ్లీ అందరికీ ఒకే వరస టిక్కులే. పాత కార్డుకు పట్టిన జబ్బు కొత్త కార్డుకు అంటకుండా ఉండాలంటే గడులు తగ్గించాలి.

ప్రైవేటు బడుల్లో కార్డు నిగనిగలాడుతుంది. ఒకటో తరగతి పిల్లకు దశాంశాలతో శాతం, తరగతిలో ర్యాంకు, ఫోన్‌కు రోజూ మెసేజ్. కార్డు అంతా ఇంగ్లిష్. ఏడో తరగతితో చదువు ఆపేసిన తండ్రి అందులో చదవగలిగేది ర్యాంకు ఒక్కటే, అందుకే దాన్నే పట్టుకుంటాడు. ఫీజు బాకీ ఉందని కార్డు ఆపేసే బడులూ ఉన్నాయి. అయిదో తరగతి లోపు ర్యాంకులు ముద్రించడాన్నీ, ఫీజు కోసం కార్డు ఆపడాన్నీ విద్యాశాఖలు నిషేధించి, తనిఖీల్లో అడగాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో అచ్చవుతున్నాయి. ప్రగతి పత్రానికి అదే మర్యాద ఎందుకు దక్కదు? ఉర్దూ, కన్నడ, ఒడియా, తమిళ మాధ్యమాల పిల్లల ఇళ్లకు వాళ్ల భాషలో వెళ్లాలి. కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్లకు నోటిమాటే దారి, ఆ భాష తెలిసిన పెద్దపిల్లనో అంగన్‌వాడీ కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

మేం అడిగే కాగితం అర ఠావు. గ్రేడుల కింద మూడు వాక్యాలు: వచ్చింది, రావాల్సింది, ఇంట్లో చేయాల్సింది. మధ్యలో కార్బన్ పేపరు పెట్టి రెండు ప్రతులు రాస్తే ఒకటి బడి బీరువాలో ఉంటుంది, రెండోది ఇంట్లోనే ఉండిపోతుంది. ముప్పైమందికి తొంభై వాక్యాలు రాయాలంటే టీచరుకు వేళ దొరకాలి, కాబట్టి ఒకే అంకెలను మూడుచోట్ల ఎక్కించే పనిలో కనీసం ఒకదాన్ని తీసేయాలి. ఏది తీసేయాలో టీచర్లనే అడగండి, క్షణం ఆలోచించకుండా చెబుతారు.