ఐదొందల కక్కుర్తి కాదు బావా, రాగి వాషర్ సంగతి ఇది

బట్టల సబ్బు పెట్టి మోచేతుల దాకా రెండు సార్లు రుద్దినా. గోళ్ల సందుల్లో నలుపు అట్లనే ఉండాది. ఆ చేతుల్తోనే ఇది టైపు చేస్తా ఉండా. ఇప్పుడు చెప్పకపోతే ఈ రాత్రికి నాకు నిద్ర పట్టదు.

పొద్దన్నే మా లారీకి ఆయిల్ మార్చినా. నాయన 2004లో కొన్న మినీ లారీ. చంద్రగిరిలో మా వీధి వాళ్లందరికీ దాని సౌండు తెలుసు. ఇంజిన్ పది నిమిషాలు తిప్పి, ఆయిల్ వేడెక్కినాక కింద దూరి, పాతది దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేసినా. నాలుగైదు సెకండ్లలో ఆయిల్ ప్రెషర్ చూపించే దీపం బొమ్మ ఎర్ర లైటు ఆరిపోయింది. బాగుంది అనుకుని దిగి చూస్తే, ఫిల్టర్ పక్క నుంచి కుండకి చిల్లు పడినట్టు కారిపోతా ఉండాది ఆయిల్. ఉరికిపోయి స్టాప్ నాబ్ లాగినా. ఆపేలోపల రెండు లీటర్లు నేలపాలు. లీటరు మూడొందల పైమాట. అమ్మ పొద్దన్నే కళ్లాపి చల్లి వేసిన ముగ్గు మీద నల్లగా మడుగు కట్టింది.

సరిగ్గా ఆ టైముకే మా బావ వచ్చినాడు. వాకిట్లో నిలబడి, పక్కింటోళ్లు వింటా ఉండంగా అంటాడూ, "ఐదొందలు మిగలబెట్టుకోవాలని ఎందుకురా ఈ కక్కుర్తి? షెడ్డుకిస్తే గంటలో అయ్యే పని. ఎవురి పని వాళ్లు చెయ్యాల." అని నవ్వినాడు. పక్కింటాయన కూడా నవ్వినాడు.

నాకు ఆయిల్ పోయినందుకు కాదప్పా మంట. ఆ 'షెడ్డుకిస్తే' అన్న మాటకి.

ఆయిల్ ఎందుకు కారిందో చెప్తా వినండి. ఫిల్టర్ మూతి చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు ఆ రింగుకి రవంత ఆయిల్ పూసి, రబ్బరు తగిలినాక ఇంకో ముక్కాలు చుట్టు చేత్తోనే బిగించాల. అంతే. పానాతో పని లేదు. పోయినేడు ఈ ఫిల్టర్ వేసినోడు ఎండు రింగు పెట్టి, గొలుసు పానాతో బిర్రుగా తిప్పి పంపించినాడు. ఏడాది పాటు ఇంజిన్ వేడికి ఆ రబ్బరు ఉడికి ఇనుముకి అంటుకుపోయింది. ఈ రోజు పాత ఫిల్టర్ ఊడి వచ్చింది, రింగు మాత్రం ఇంజిన్ పక్కనే ఉండిపోయింది. నల్లగా గట్టిగా, అది కూడా ఇనుమేనేమో అన్నట్టు. దాని మీద నేను కొత్త ఫిల్టర్ బిగించినా. రింగు మీద రింగు. ప్రెషర్ ఎక్కంగానే రెండిటి సందులోంచి తన్నుకొచ్చింది. విప్పిన ఫిల్టర్ తిప్పి రింగు దాంతో వచ్చిందా లేదా చూసుండాల, చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటా. గుడ్డతో ఆ మూతి తుడిచుంటే వేలికి తగిలుండేది.

కానీ పోయినేడు ఆ బండిని షెడ్డుకి తోలుకుపోయింది ఎవురు? మా బావే. నేను డెంగీ వచ్చి మంచం మీద ఉంటే, మామిడి సీజన్ ముందర "నేను చూసుకుంటా లేరా" అని తనే తోలుకుపోయి, ఎదురుగా ఉండే టీ అంగట్లో కూర్చోని, గంటకి తిరిగొచ్చి డబ్బులిచ్చి బండి తెచ్చినాడు. ఆ గంటలో లారీ కింద ఏం జరిగిందో ఆయనకి తెల్దు. నాకు ఈ రోజు తెలిసింది.

ఫిల్టర్ ఒక్కటే అయితే ఇంత రాయను. చాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలబడే తొట్టి. దాని కింద ఆయిల్ దించే డ్రైన్ బోల్టు చూసినాక నాకు కాళ్లు చేతులు ఆడలేదు. బోల్టు తల ఆరు పలకలూ అరిగి గుండ్రంగా అయిపోయినాయి. సరైన సైజు రింగ్ పానా వెతుక్కునే ఓపిక లేక పైపు పానాతో పట్టి తిప్పినారు. అరగంట తట్టి తట్టి విప్పితే, మరల చుట్టూ తెల్ల టేపు! కొళాయిలకి చుట్టే టేపు అది. బోల్టు కింద ఉండాల్సిన రాగి వాషర్ లేదు. ఆ వాషర్ ఎంతప్పా? టీ, బన్ను ఖరీదు ఉంటుందా? మెత్తటి రాగి నలిగి, బోల్టుకీ చాంబర్‌కీ మధ్య సందు మూసేది అదే. అది పడిపోతే ఇంకోటి వెయ్యాల. వెయ్యలేదు. కారకుండా టేపు చుట్టి, టేపుతో కూడా కారతా ఉంటే ఇంకా బిగించి, మరలు సగం కొరికేసినారు. ఏడాది పాటు నేను టమాటా వేసుకోని భాకరాపేట ఘాట్ ఎన్నిసార్లు దిగినానో, మామిడి వేసుకోని మొగిలి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కినానో. అన్నిసార్లూ ఆ టేపు ముక్క మీద నమ్మకంతోనే తిరిగినా.

అందరు మెకానిక్కులూ అంతే అనడం లేదు. ఇంజిన్ సౌండు విని ఏ ఇంజెక్టర్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పే పెద్దాయన పాకాలలో ఉన్నాడు, ఆయన కాళ్లకి దండం పెడతా. నా కోపం 'ఆయిల్ మార్చడం ఒక పనేనా' అని పొద్దున చేరిన పిల్లోడి చేతికి పానా ఇచ్చి పక్కకి పోయే వాళ్ల మీద. ఆ పిల్లోడు డబ్బా మొత్తం ఒంచేస్తాడు. ఆయిల్ లెవల్ చూసే గేజు కడ్డీ తీసి చూసేది లేదు. బండి సమంగా ఉండే చోట పెట్టి, ఆపినాక పది నిమిషాలు ఆగి, తుడిచి, ముంచి, రెండు గీతల మధ్యలో ఉందా చూడాల. జాస్తి అయితే మంచిదే కదా అంటారు. మంచిది కాదు. ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ కడ్డీ ఆ ఆయిల్‌ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ కడుతుంది. నురగతో బేరింగులకి ప్రెషర్ ఉండదు. ఆ ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి, అంటే ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టంలోంచి, గాలి దారిలోకి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే కాల్చుకుంటా తనంతట తనే పరిగెత్తుతుంది. తాళం తీసినా ఆగదు.

ఇంకోటి. పొద్దున మా బావ గేజు కడ్డీ తీసి చూసి, "కొత్త ఆయిల్ అంటివే, అప్పుడే నల్లగా అయిపోయిందే, కల్తీదేమో" అన్నాడు. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లబడడం జబ్బు కాదు బావా. మసిని ఇంజిన్ గోడల మీద పేరుకోనివ్వకుండా తనలో మోసుకోవడమే దాని పని. పోసిన రోజే నల్లబడుతుంది. భయపడాల్సింది ఎప్పుడంటే, పాలు కలిపిన కాఫీ మాదిరి కనిపిస్తే. అప్పుడు నీళ్లు కలిసినాయని అర్థం. పోసినదానికంటే లెవల్ పెరిగి డీజిల్ వాసన కొడితే ఆయిల్‌లోకి డీజిల్ దిగతా ఉండాది. దించిన ఆయిల్‌లో ఎండకి మెరుపు రజను కనిపిస్తే బేరింగులు అరుగుతా ఉన్నాయి. ఇవన్నీ పాత ఆయిల్‌ని కళ్లతో చూసినోడికే తెలిసేది. షెడ్డులో నీ పాత ఆయిల్ నీకు చూపించేదెవురు? కాలవలోకి పోతుంది. ఆ కాలవ యాడికి పోతుందో చెప్పాల్నా? స్వర్ణముఖిలోకి. మనం చిన్నప్పుడు ఈత కొట్టిన ఏరు. వాడిన ఆయిల్‌ని ప్రమాదకర వ్యర్థంగా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన రూల్సులోనే ఉండాది. నా పాత ఆయిల్ చుక్క కూడా కాలవలో పొయ్యను, క్యానులో పెట్టి పాత ఆయిల్ కొనుక్కునే వాళ్లకే ఇస్తా. నేల మీద ఒలికిందాని మీద రంపపు పొట్టు పోసి ఎత్తినా. అది చూసి కూడా నవ్వినారు.

సరే, ఇంత కోపం ఎందుకో మా ఇంట్లో వాళ్లకి తెలుసు. బావకి కూడా తెలుసు. తెలిసీ అన్నాడు కాబట్టే ఇది రాస్తా ఉండా.

2011 మే నెల. దామలచెరువు మండీలో బంగినపల్లి లోడు ఎత్తుకోని నాయన చెన్నై కోయంబేడు మార్కెట్టుకి బయల్దేరినాడు. అంతకు రెండ్రోజుల ముందరే షెడ్డులో ఆయిల్ మార్పించినాడు. సీజన్ కదా, బండ్లు వరసలో నిలబడి ఉంటే తొందర తొందరగా చేసి పంపించినారు. పుత్తూరు దాటి నగరి దగ్గరికి పోయేసరికి రాత్రి పదకొండు. ఎర్ర లైటు వెలిగింది. నాయన చూసినాడు, పక్కకి తీసినాడు. అప్పటికే లోపల కొట్టుకునే శబ్దం వస్తా ఉండాదంట. మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ తిరగలేదు. పట్టేసింది. టార్చి వేసుకోని కింద చూస్తే డ్రైన్ బోల్టు లేదు. బోల్టు ఉండాల్సిన చోట చిల్లు ఉంది. వెనక్కి చూస్తే రోడ్డు మీద లైటు పడినంత దూరం నల్ల గీత.

తెల్లారేదాకా ఇంకో లారీ దొరకలేదు. మే నెల ఎండ, మాగబోయే కాయ. మధ్యాహ్నానికి వేరే బండికి ఎక్కించి పంపితే కోయంబేడులో అడిగిన రేటుకి ఇచ్చేసి రావాల్సొచ్చింది. రైతుకి నాయనే కట్టుకున్నాడు. ఇంజిన్ ఎత్తి విప్పితే బేరింగులు పోయినాయి, క్రాంక్ గీతలు పడింది, సిలిండర్లు మళ్లీ చెక్కించే బోరు పనికొచ్చింది. అమ్మ గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టినారు. రెండు తిరిగొచ్చినాయి.

షెడ్డాయన ఏం చెప్పినాడు? "రాయి తగిలి ఊడిపోయింటుంది. లైటు వెలగంగానే ఆపుంటే ఇంజిన్ దక్కేది" అన్నాడు. అంతే. ఆ మాట నాయన నమ్మినాడు. నేను ఆ షెడ్డాయన్ని క్షమించనిది బోల్టు బిగించనందుకు కాదు, ఈ మాట అన్నందుకు. అప్పటి నుంచి నాయన ఎవురు బండి ఎక్కినా, "లైటు మీద చూపు ఉండాలరా, నేను చూసుకోలేకపోయినా" అనేవాడు. పోయే ముందు నెలలో కూడా, ఆస్పత్రి మంచం మీద, అదే అన్నాడు.

నాయన తప్పు రవంత కూడా లేదు. ఆ లైటు చాంబర్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసి వెలగదు. ప్రెషర్ పడిపోయినప్పుడు వెలుగుతుంది. చాంబర్ ఖాళీ అయిపోతా ఉన్నా, పంపుకి పీల్చుకునే ఆయిల్ అందుతా ఉన్నంత సేపు అది వెలగదు. వెలిగిందంటే పంపు గాలి పీలుస్తా ఉండాదని. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండేది వెంట్రుకంత మందం కూడా లేని ఆయిల్ పొర. అది ఆరిపోయినాక నిండు లోడు బండికి మిగిలేది క్షణాలే. రాత్రి పూట, రోడ్డు మీద, పక్కకి తీసేదానికి పట్టే టైము కూడా లేదు ఆడ. నాయన చూసినాడు. చూసిన వెంటనే ఆపినాడు. కానీ ఆ పొద్దు ఈ సంగతి నాకు తెల్దు. నేను ఇంటర్ చదువుతా ఉన్నా. తెలిసేటప్పటికి చెప్పేదానికి ఆయన లేడు.

అందుకే నేను లారీ కింద దూరతా. ఐదొందల కోసం కాదు. ఆ బోల్టు నా చేత్తో బిగించుకుంటే తప్ప ఆ స్టీరింగ్ పట్టుకోలేను. ఎవురి పని వాళ్లు చెయ్యాలన్నావు కదా బావా, ఇది నా పనే. నాయన నాకు వదిలిపెట్టిన పని.

నువ్వు పోయినాక ఏం చేసినానో కూడా చెప్తా. పాత రింగు గీకి తీసి, మూతి తుడిచి, వేలితో చుట్టూ తడిమి, కొత్త ఫిల్టర్ మళ్లీ వేసినా. తిరుపతి పోయి కొత్త డ్రైన్ బోల్టు, రెండు రాగి వాషర్లు తెచ్చినా. కౌంటర్లో పిల్లోడు డీజిల్ బండి అని చెప్పినా కూడా పెట్రోల్ కార్ల ఆయిల్ చేతికిచ్చినాడు. డబ్బా మీద పెట్రోల్ ఇంజిన్లకి వాడే, ఎస్ అక్షరంతో మొదలయ్యే గ్రేడు ఒక్కటే ఉండాది. వెనక్కిచ్చి, డీజిల్ ఇంజిన్లకి వాడే సి గ్రేడులో, 15డబ్ల్యూ-40 చిక్కదనం ఉండేది అడిగి తెచ్చినా. దానికి కూడా ఆ పిల్లోడు "అన్నా, ఆయిల్ ఏదైనా ఆయిలే కదా" అన్నాడు. ఓపికగా చెప్పినా, విన్నాడు పాపం. చాంబర్ మరలు ఈ సీజన్‌కి పట్టుకుంటాయి, తర్వాత చాంబర్ దించి కొత్త మర పెట్టించాల. అది పాకాల పెద్దాయనకే ఇస్తా, పక్కన నిలబడి చేయిస్తా.

సాయంత్రం స్టార్ట్ చేసి పావుగంట తిప్పినా. లైటు ఆరింది. తడి లేదు. అమ్మ వచ్చి ముగ్గు పోయిన చోట చూసి, ఏమీ అనకుండా, "బోల్టు బిగించినావా నాయినా?" అని అడిగింది. బిగించినా అని చెప్పినా. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పినా.

రేపు పొద్దున నాలుగింటికి దామలచెరువులో లోడు. బోల్టు కింద ఒక అట్ట ముక్క పరిచి పెట్టినా. పొద్దునకి దాని మీద ఒక్క చుక్క లేకపోతేనే బండి తీస్తా.